కచ్చా కుట్లు

గౌను గురువారం సాయంత్రం వచ్చింది,
ప్లాస్టిక్ కవరులో, హేంగరుతో సహా.
మెడ దగ్గర గుండుసూదితో గుచ్చిన చీటీ:
అద్దెది. కత్తెర పెట్టరాదు.
ఆదివారం పదింటికి తిరిగి ఇవ్వాలి.

గుదైబియాలో మా కొట్టు
లాండ్రీకీ కరక్ టీ అంగడికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది.
శౌరయ్య ఫాదరు అద్దం ముందు నిలబడితే
ఆరడుగులవాడెవడికో కుట్టిన ఎర్రబట్టలో
చేతులు మునిగిపోయినాయి, కాళ్లు కనపడలేదు.
"దస్తగిరీ, ఇందులో నేనెక్కడున్నానో
వెతికి పెట్టరా" అన్నాడు.

వెతికాను.
టేపుకి అబద్ధం చేతకాదు.
కుడి భుజం ఎడమదానికంటే ముప్పావు అంగుళం కింద.
సిత్ర క్యాంపుకి బస్సులో మోసిన మడతబోర్డు
ఎప్పుడో విరిగి మూలన పడింది గాని
దాని బరువు ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

నేనీ దీవిలో దిగిననాడు
టేపు మీది అంకెలు తప్ప నాకింకేం రావు.
నూట ఇరవై దినార్లని నోటితో చెప్పి
డెబ్బై అని రాసిన కాగితం కింద
వేలిముద్ర వేసి, సిరా ప్యాంటుకి తుడుచుకున్నాను.

ఫాదరు నాకు అ ఆలు చెప్పలేదు.
చర్చి వెనక, ఏసీ డబ్బాల రొద కింద
మొదటిరోజు బోర్డు మీద ఒకే మాట రాశాడు,
కుడి నుంచి ఎడమకి:
రాతిబ్.
"అంటే జీతం. దీని పక్కన ఏ అంకె ఉందో చూడకుండా
ఇంకెక్కడా వేలు పెట్టొద్దు."
రెండోవారం, సెలవు. మూడోవారం, పాస్‌పోర్టు.
తన దేవుడి సంగతి ఎప్పుడెత్తుతాడా అని నేను కాచుకుని ఉంటే
నమాజు వేళకి తనే లేపి పంపేవాడు,
"వచ్చి పదమూడో ఎక్కం అప్పజెప్పు" అని.

కొట్టు యజమాని అబూ జాసిమ్ తొంగి చూశాడు.
"మీ పాద్రీకి బిష్తా? జరీ ఏది మరి?"
పెద్ద చదువుల బిష్తు అన్నాను, జేబు కూడా లేదన్నాను.
"జేబు లేనిది ఏం పెద్దరికం!"
అని, ముగ్గురికీ టీ చెప్పాడు.

నాలుగున్నర అంగుళాలు లోపలికి మడిచి
తెల్లదారంతో కచ్చా కుట్లు వేశాను,
పొడుగ్గా, వదులుగా,
ఒక్క లాగుడుకి ఊడొచ్చేట్టు.
పెళ్లికూతురి జాకెట్టుకి కూడా
ఇంత ఊపిరి బిగబట్టి ఎరగను.

శనివారం. హోటలు హాలు.
మాకు కుర్చీల్లేవు.
వంటగది తలుపు పక్కన నిలబడ్డాం, నేనూ,
పంటినొప్పని సేఠాణికి చెప్పి వచ్చిన లూర్దమ్మా.
మైకులో ఇంగ్లీషులో చాలా చెప్పారు.
సేవ అన్నారు, వెలుగు అన్నారు.
రాతిబ్ అని ఎవరూ అనలేదు.
నేను అంచునే చూస్తున్నాను.

మూడో మెట్టు మీద ఎడమపక్క దారం తెగింది.
అంత హాల్లో అది వినపడే శబ్దం కాదు.
నాకు వినపడింది.
ఫాదరు ఆగాడు.
నాట్లకి దిగే మనిషి పంచె ఎగ్గట్టినట్టు
ఎర్రబట్ట గుప్పిట పట్టి పైకెత్తుకుని
అరిగిన చెప్పులు అందరికీ కనపడేట్టు నడిచివెళ్లి
డాక్టరయ్యాడు.

ఆ రాత్రే క్లాసు.
బద్వేలు నుంచి కొత్తగా వచ్చిన జోజమ్మ
డాక్టరుగారన్న మాట విని
మోకాలికి మాత్ర అడిగింది.
"లేచి బోర్డు తుడువమ్మా, తగ్గుతుంది."
మేమంతా నవ్వాం. ఆమె నిజంగానే లేచి తుడిచింది.

ఆదివారం పొద్దున్నే కుట్లు విప్పాను.
లాండ్రీవాడి దగ్గర రెండుసార్లు ఆవిరి పట్టించాను.
మడత గీత పోలేదు.
నాలుగున్నర అంగుళాల ఎత్తున, చుట్టూతా,
సన్నగా, తేరిపార చూస్తే గాని తెలియకుండా,
ఒక పొట్టిమనిషి కొలత.

కవరు తొడిగే ముందు
చీటీ మళ్లీ చదివాను, రెండుసార్లు.
గీతల గురించి ఏమీ రాయలేదు.